సీసా మీద చందనం అని రాస్తే లోపల చందనం ఉన్నట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు రెండు పెర్ఫ్యూమ్‌లు కొన్నారు. రెండూ ‘వుడీ’, అంటే కలప వాసనల కుటుంబానివే. రెండింటి పెట్టెల మీదా చందనం, ఆంబర్, మస్క్ అని రాసి ఉంది. ఒకటి సాయంత్రం దాకా హాయిగా ఉంటోంది. రెండోది కొట్టుకున్న అరగంటకే తల పట్టేస్తోంది. ఒకే కుటుంబం, అవే సరుకులు అయినప్పుడు ఇంత తేడా ఎందుకు, అసలు నాకు నప్పే కుటుంబం ఏదో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పెట్టె మీద ‘నోట్స్’ అని రాసేవి ముడిసరుకుల పేర్లు కావండి. ఆ వాసన మీకు దేన్ని గుర్తుచేయాలని కోరుకుంటున్నారో వాటి పేర్లు. చందనం అని రాసిన సీసాలో చందనం నూనె ఒక్క చుక్క కూడా లేకపోవచ్చు, చాలావాటిలో ఉండదు కూడా. కుటుంబం పేరుదీ ఇంచుమించు అదే కథ. అందుకని ‘నాకు ఏ కుటుంబం’ అని వెతకడం మానేసి, ‘నా ముక్కుకు ఏ సరుకు పడుతుంది, ఏది పడదు’ అని వెతకండి. మీ తలనొప్పి విషయంలో నాకు ఒక రకం సరుకు మీద గట్టి అనుమానం ఉంది. కింద చెప్తాను.

నేను ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. మొదటి ఆరేళ్లు తూకం బల్ల దగ్గర గడిచాయి. పెర్ఫ్యూమర్ రాసిచ్చిన ఫార్ములా చూసి, ఒక్కో సరుకూ తూచి కలపడం పని. ఆ తర్వాత కలిపినవాటిని రోజుల తరబడి వాసన చూసి, ఏది కుదిరింది, ఏది దారి తప్పిందో చెప్పే పనికి మారాను. కాబట్టి నేను చెప్పేది తయారీ వైపు నుంచి. అమ్మకం వైపు వాళ్లు ఇంకోలా చెప్పవచ్చు.

లేని పువ్వుకు వాసన ఎక్కడిది?

లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అనే తెల్లటి చిన్న పువ్వు పేరు బోలెడు పెట్టెల మీద చూసే ఉంటారు. ఆ పువ్వు నుంచి వ్యాపారానికి పనికొచ్చే నూనె రాదు. ఆవిరి పట్టినా, ద్రావకంలో నానబెట్టినా దక్కేది ఏమీ ఉండదు. లైలాక్, ఫ్రీషియా, పియోనీ పరిస్థితీ అంతే. వీటి వాసన మొత్తం ల్యాబ్‌లో పేర్చిందే. హైడ్రాక్సీసిట్రొనెల్లాల్ అనే పదార్థం లేకపోతే 1956లో ఎడ్మండ్ రుడ్నిత్‌స్కా చేసిన డియోరిస్సిమో అనే పెర్ఫ్యూమ్ లేదు. ఆ పువ్వు వాసనకు ఇప్పటికీ దాన్నే గీటురాయిగా పెట్టుకుంటాం.

తర్వాత ఇదే పని కోసం లిలియాల్ అనే పదార్థం విపరీతంగా వాడారు. 2022 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించారు. ఆ గడువు దగ్గర పడుతుంటే మేం పడ్డ టెన్షన్ చెప్పలేను. వందల ఫార్ములాలు విప్పి, లిలియాల్ తీసేసి, వాసన మారకుండా మళ్లీ కట్టాలి. కొన్ని కుదిరాయి. కొన్నింటిలో మూడో గంటకు తేడా తెలిసిపోయేది. పెట్టె మీద నోట్స్ మాత్రం ఒక్క అక్షరం మారలేదు. ఆ రాతను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి మీరే అంచనా వేసుకోండి.

సరే, నిజం పువ్వులు అసలు వాడరా అంటే వాడతారు. గులాబీ, జాజి, మల్లె, నారింజ పూలు, రజనీగంధ నూనెలు ఇప్పటికీ ఖరీదైన ఫార్ములాల్లో ఉంటాయి. కానీ ఒక కిలో గులాబీ నూనె తీయాలంటే మూడు నుంచి నాలుగు వేల కిలోల రేకులు కావాలి. అందుకే అది తళుకు కోసం చల్లే సరుకు అవుతుంది తప్ప, గిన్నెతో పోసేది కాదు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. ఇంగ్లిషులో జాస్మిన్ అని ఒక్క మాటతో సరిపెడతారు. మనకు జాజి వేరు, మల్లె వేరు. పెర్ఫ్యూమ్ పనిలోనూ ఆ తేడా ఉంది: గ్రాండిఫ్లోరమ్ జాజి జాతిది, సాంబాక్ మల్లె జాతిది. మొదటిదాంట్లో పండు తీపి ఎక్కువ, రెండోదాంట్లో ఆకుపచ్చదనం. పెట్టె మీద జాస్మిన్ అని ఉంటే ఈ రెండిట్లో ఏదీ లోపల లేకుండా, హెడియోన్ అనే పదార్థమే ఎక్కువ పాలు ఉండే అవకాశం ఉంది. హెడియోన్‌కు విడిగా వాసన చాలా తక్కువ. కానీ ఏ ఫార్ములాలో వేసినా కిటికీ తెరిచినట్టు గాలి ఆడుతుంది. 1966లో వచ్చిన ‘ఓ సోవాజ్’ అనే పెర్ఫ్యూమ్ దాని సత్తా చూపించింది. అప్పటి నుంచి అది లేని పెర్ఫ్యూమ్ అరుదు.

జాజి మల్లెల్లో ఇండోల్ కూడా ఉంటుంది. కొద్దిగా ఉంటే పువ్వు నిజమైన పువ్వులా, కాస్త మత్తుగా ఉంటుంది. విడిగా వాసన చూస్తే బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు గుర్తొస్తాయి. పనిలో చేరిన కొత్తలో ఒక ఫార్ములాలో ‘ఇండోల్ 10 శాతం ద్రావణం’ అని ఉంటే, తొందరలో ద్రావణం బదులు అసలు ఇండోలే తూచాను. అంటే పదింతలు పడింది. పూలతోటలా రావాల్సిన బ్యాచ్ పాడుబడ్డ గదిలా వచ్చింది. అంతా పారబోశాం. నన్ను ఎవరూ తిట్టలేదు గానీ, ఆ చెడిన బ్యాచ్‌లో ముంచిన, వాసన చూసే కాగితం పట్టీ ఒకటి వారం రోజులు నా బల్ల మీదే పెట్టారు. సరుకు పేరుతోపాటు మోతాదు కూడా చదవాలని అలా నేర్చుకున్నాను.

కుటుంబాలు ఎలా పుట్టాయి?

ఇప్పుడు ఎక్కువమంది చూపించేది మైకేల్ ఎడ్వర్డ్స్ గీసిన చక్రం. ఫ్లోరల్, ఆంబర్, వుడీ, ఫ్రెష్ అని నాలుగు పెద్ద గుంపులు. ఆంబర్‌ను ఇంతకుముందు ఓరియంటల్ అనేవారు, పాత పెట్టెల మీద ఆ మాటే ఉంటుంది. ఫ్రెంచి పెర్ఫ్యూమర్ల సంఘం లెక్క వేరు: నిమ్మజాతి, పూలు, ఫూజేర్, షీప్ర్, వుడీ, ఆంబర్, తోలు అని ఏడు. ఒక లెక్కలో వుడీ అయిన సీసా ఇంకో లెక్కలో షీప్ర్ కావచ్చు. ఎవరిదీ తప్పు కాదు.

నన్నడిగితే, కుటుంబం అనే మాటను వంశం అనే అర్థంలో తీసుకోవాలి. చాలా కుటుంబాలకు ఒక మూలపురుషుడు ఉన్నాడు, అంటే జనం మెచ్చిన ఒక పాత సీసా. దాని అస్థిపంజరాన్ని తర్వాతి వాళ్లు తీసుకుని కొత్త కండ పెట్టారు.

ఫూజేర్ చూడండి. ఫ్రెంచిలో ఆ మాటకు ఫెర్న్ మొక్క అని అర్థం. ఫెర్న్‌కు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు! 1882లో ఊబిగాన్ సంస్థ కోసం పాల్ పార్కే ‘ఫూజేర్ రోయాల్’ చేసినప్పుడు, ఫెర్న్‌కు వాసన ఉంటే ఎలా ఉండేదో ఊహించి కట్టాడు. లావెండర్, ఓక్ మాస్, కూమరిన్ దాని మూడు కాళ్లు. కూమరిన్‌ది ఎండుగడ్డి వాసన, కాస్త తియ్యగా ఉంటుంది. దాన్ని 1868లోనే విలియం హెన్రీ పెర్కిన్ ల్యాబ్‌లో తయారుచేశాడు. ల్యాబ్‌లో చేసిన పదార్థాన్ని పేరున్న పెర్ఫ్యూమ్‌లో వాడటం ఇక్కడే మొదలైందని చెప్పుకుంటాం. ఈ రోజు గడ్డం గీసుకునే క్రీముల్లో, మగవాళ్ల డియోడరెంట్లలో వచ్చే ఆ ‘శుభ్రమైన’ వాసనలో సగం ఈ వంశానిదే.

షీప్ర్ అంటే సైప్రస్ దీవి. 1917లో ఫ్రాన్స్వా కోటీ ఆ పేరుతో తెచ్చిన పెర్ఫ్యూమ్ వల్ల వంశానికి ఆ పేరొచ్చింది. ముందుగా తెలిసేలా పైన బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు వాసన, చివరిదాకా నిలిచేలా కింద లాబ్డానమ్ జిగురు, ఓక్ మాస్. ఓక్ మాస్ పేరులో మాస్ అని ఉన్నా అది నాచు కాదు, ఓక్ చెట్ల మీద పెరిగే లైకెన్. వాన వెలిశాక అడవి నేలలా ఉంటుంది. నాకు ఎంతో ఇష్టమైన సరుకు. అయితే అందులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ చర్మానికి ఎలర్జీ తెస్తాయని యూరప్‌లో నిషేధించారు. ఇప్పుడు వాటిని తీసేసిన ఓక్ మాస్ దొరుకుతుంది. వాడతాం, కానీ ఆ లోతు లేదు. ఇవాళ షీప్ర్ అని వచ్చేవి చాలావరకు పాచౌలి ఆకు నూనె మీద నిలబడుతున్నాయి. పేరు అదే, పునాది మారిపోయింది.

మిఠాయి వాసనల గూర్మాండ్ వంశం ఈ మధ్యది. 1992లో వచ్చిన ఏంజెల్ అనే పెర్ఫ్యూమ్‌తో మొదలు. ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం కాల్చిన చక్కెరలా ఉంటుంది. ఏంజెల్‌లో దాని తీపికి ఎదురుగా పాచౌలిని దండిగా దించారు. తర్వాత వచ్చినవాళ్లు కొందరు పాచౌలిని తగ్గించి తీపినే ఉంచారు. అందుకే వాటిలో చాలా సీసాలు నాకు పది నిమిషాల్లో మొహం మొత్తుతాయి. ఇది నా పక్షపాతం, పట్టించుకోకండి.

నిమ్మజాతి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అణువులు చిన్నవి, త్వరగా ఎగిరిపోతాయి. నిమ్మ వాసన నాలుగు గంటలు నిలిచిందంటే కింద ఇంకేదో బరువైన సరుకు పట్టుకుని ఉన్నట్టే.

ఇక మీ వుడీ సీసాల సంగతి

చందనం నూనె ప్రాణమంతా సాంటలాల్స్ అనే పదార్థాల్లో ఉంటుంది. చెట్టు చేవ నుంచి నూనె తీయాలి, చేవ పట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పైగా చందనం చెట్టు పక్క చెట్ల వేళ్ల నుంచి ఆహారం లాక్కుని బతికే రకం, దాన్ని పెంచడమే ఒక విద్య. కాబట్టి మామూలు సీసాల్లో జావనాల్, ఎబనాల్, పాలీసాంటాల్ లాంటి ల్యాబ్ పదార్థాలు ఉంటాయి. జావనాల్ ఎంత ఘాటంటే ఫార్ములాలో ఆవగింజంత పడినా తెలుస్తుంది. ఇవి తలనొప్పి తెచ్చినట్టు నా దగ్గరికి పెద్దగా ఫిర్యాదులు రాలేదు.

దేవదారు అని తర్జుమా చేసే ‘సెడార్’లో వర్జీనియా రకం నిజానికి జూనిపర్ చెట్టు. పెన్సిల్ చెక్కిన వాసన అదే. వట్టివేరు నూనె వేళ్ల నుంచి వస్తుంది, మట్టి, పొగ రెండూ ఉంటాయి. అగరు అయితే ఆరోగ్యంగా ఉన్న చెట్టులో తయారే కాదు. చెట్టుకు గాయమై బూజు పట్టినప్పుడు, తనను తాను కాపాడుకోవడానికి అది ఊరించుకునే జిగురు అది. అసలు అగరు నూనె ఫార్ములాలోకి రావడం చాలా అరుదు. పెట్టె మీద ‘ఊద్’ అని ఉంటే తొంభై పాళ్లు కట్టిన వాసనే అనుకోండి.

ఐసో ఈ సూపర్ అనే పదార్థం వుడీలలో అన్నిటికన్నా విరివిగా వాడేది. వెల్వెట్ లాంటి సెడార్ వాసన. కొందరికి అస్సలు తెలియదు, కొందరికి ఉండుండి తెలుస్తుంది.

ఇప్పుడు నా అనుమానం. గత కొన్నేళ్లుగా వుడీ పెర్ఫ్యూమ్‌లలో ‘వుడీ ఆంబర్’ అనే తరగతి పదార్థాలు బాగా పెరిగాయి. కరనాల్, నార్లింబనాల్, ఆంబ్రోసెనైడ్ వంటివి. పొడిగా, సూదిలా, ఒక్కోసారి వేడెక్కిన ఇనుములా ఉంటాయి. తక్కువ మోతాదులో వేస్తే పెర్ఫ్యూమ్ గది అవతలిదాకా పాకుతుంది, రెండో రోజుకూ చొక్కాను వదలదు. కొనేవాళ్లు ‘ఎంతసేపు నిలుస్తుంది’ అని అడిగే కొద్దీ తయారీలో వీటి మోతాదు పెరుగుతూ వచ్చింది. కానీ ఇవి అందరి ముక్కుకూ ఒకేలా తగలవు. మా బృందంలోనే ఒకరికి ఇవి దాదాపు తెలియవు, ఇంకొకరు మూత తీయగానే కళ్ల మధ్య పొడిచినట్టుందని లేచి వెళ్లిపోతారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. మీరు రెండోవాళ్ల కోవలోకి వస్తారేమో.

తికమక ఎక్కడంటే, ఆంబర్ అనే ఒక్క మాట కింద వేర్వేరు వాసనలు ఉన్నాయి. పాత పద్ధతి ఆంబర్ అంటే లాబ్డానమ్, వెనిల్లా, సాంబ్రాణి కలిసిన వెచ్చటి, తియ్యటి వాసన. నగల్లో వాడే ఆంబర్ రాయికీ దీనికీ సంబంధం లేదు. రెండోది ఆంబర్‌గ్రిస్, స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారై సముద్రంలో ఏళ్ల తరబడి తేలాక వాసన కట్టే పదార్థం. దాని బదులు ఇప్పుడు ఆంబ్రాక్సాన్ వాడతాం, క్లారీ సేజ్ మొక్కలోని స్క్లారియోల్ నుంచి తీస్తారు. ఉప్పగా, మెత్తగా, ఒంటి వెచ్చదనంలా ఉంటుంది. మూడోది నేను చెప్పిన వుడీ ఆంబర్, ఆ సూదిలాంటిది. మీ హాయి సీసాలో ఆంబర్ మొదటి రకమై, తలనొప్పి సీసాలో మూడో రకమై ఉండవచ్చు. పెట్టెల మీద మాత్రం రెండూ ‘ఆంబర్’.

మస్క్ విషయమూ చెప్పాలి. కస్తూరి జింక నుంచి తీసే కస్తూరి పెర్ఫ్యూమ్‌లలోకి రావడం ఎప్పుడో ఆగిపోయింది. 1888లో ఆల్బర్ట్ బావర్ పేలుడు పదార్థాల మీద పనిచేస్తుంటే అనుకోకుండా కస్తూరి వాసన వచ్చే పదార్థం దొరికింది. ల్యాబ్ మస్క్‌ల చరిత్ర అలా మొదలైంది. అసలు కస్తూరిలోని మస్కోన్ 15 కార్బన్ల వలయం అని 1926లో తేల్చింది లియోపోల్డ్ రుజిచ్కా. అంత పెద్ద వలయం నిలుస్తుందని అప్పటిదాకా రసాయన శాస్త్రజ్ఞులు నమ్మలేదు. మన పునుగులోని సివెటోన్ కూడా అలాంటి పెద్ద వలయమే.

మస్క్ అణువులు బరువైనవి. కొందరి ముక్కు వాటిలో ఒకటో రెండో రకాలను అసలు పట్టుకోదు. నాకు గలాక్సోలైడ్ అనే మస్క్ వాసన సరిగ్గా తెలియదు. చేరిన మూడో ఏడు దాకా ఆ సంగతి నాకే తెలియదు. ఖాళీ కాగితం పట్టీ ఇచ్చి ఆటపట్టిస్తున్నారనుకుని పక్కవాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ సరుకు ఎక్కువ ఉన్న ఫార్ములా వస్తే నా మాట ఒక్కటే నమ్మొద్దని ముందే చెప్పేస్తాను. మీకు ‘వాసనే లేదు’ అనిపించిన పెర్ఫ్యూమ్ పక్కవాళ్లకు ఘాటుగా ఉండటానికి ఇదొక కారణం.

‘సహజమైనవి అయితే తలనొప్పి రాదు కదా?’ అని తర్వాత అడుగుతారేమో. అలా లెక్క కుదరదండి. ఓక్ మాస్ సహజమైనదే, ఎలర్జీ తెస్తుంది. బెర్గమాట్ తొక్క నూనె సహజమైనదే, అందులోని బెర్గాప్టెన్ తీసేయకుండా చర్మానికి రాసుకుని ఎండలోకి వెళ్తే కమిలిపోతుంది. లావెండర్ నూనె పాతబడి గాలి తగిలితే అందులోని లినలూల్ ఎలర్జీ తెచ్చేదిగా మారుతుంది. ఘాటైన మల్లె నూనె కూడా తలనొప్పి తెప్పించగలదు. ఏ వాసన చూసినా ప్రతిసారీ తలనొప్పి వస్తోందంటే, లేదా ఊపిరి బిగుస్తోందంటే అది పెర్ఫ్యూమ్ ఎంపిక సమస్య కాదు, డాక్టర్‌కు చూపించండి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు వాసనలు దాన్ని రేపడం మామూలే.

ఎలా వెతకాలి? నేను కొత్తవాళ్లకు చెప్పే పద్ధతి ఇది. రకరకాల పెర్ఫ్యూమ్‌లు కొనే ముందు విడి సరుకుల శాంపిళ్లు ఓ ఏడెనిమిది తెచ్చుకోండి: ఐసో ఈ సూపర్, ఆంబ్రాక్సాన్, ఒక వుడీ ఆంబర్, గలాక్సోలైడ్, హెడియోన్, పాచౌలి, లాబ్డానమ్, వెనిలిన్. ఇవన్నీ ఆల్కహాల్‌లో 10 శాతానికి పలచన చేసి, వుడీ ఆంబర్‌ను ఒక శాతానికే పలచన చేసి, కాగితం పట్టీల మీద చూడండి. చర్మానికి నేరుగా రాయకండి. ఒక్కసారికి నాలుగైదు చాలు, ఆ పైన ముక్కు మొద్దుబారుతుంది. కాఫీ గింజల వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందంటారు, అదీ ఇంకో వాసనే. నేనైతే నా చొక్కా మోచేతి దగ్గర వాసన చూసుకుంటాను.

ప్రతి పట్టీ మీదా పేరు, టైమ్ రాయండి. అప్పుడే, అరగంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున చూడండి. కొనే చోట అందరూ మొదటి పది నిమిషాలు చూసి కొంటారు. మీతో రోజంతా ఉండేది మాత్రం అడుగున ఉన్న సరుకు. పట్టీ మీద బాగున్నదాన్నే ఒంటి మీద చూడాలి. ఇంకో సంగతి, ఒకే పేరుతో ఓ ద తువాలెట్, ఓ ద పర్ఫాఁ అని రెండు ఉంటే రెండోది మొదటిదాని చిక్కటి రూపం అనుకోకండి. చాలాసార్లు ఫార్ములానే వేరుగా ఉంటుంది. విడివిడిగా పరీక్షించాల్సిందే.

ఇవన్నీ కొనే ముందు మీ దగ్గరున్న ఆ రెండు సీసాలతో ఒక పని చేయండి. రెండు కాగితం ముక్కల మీద చెరొక్కసారి కొట్టి, వేరువేరు గదుల్లో పెట్టి, రేపు పొద్దున పళ్లు తోముకోక ముందు చూడండి. తలనొప్పి సీసా ముక్క మీద తీపి, వెచ్చదనం అంతా పోయి, ఒక పొడి, గుచ్చుకునే గీత లాంటి వాసన మాత్రమే నిన్నటంత గట్టిగా మిగిలిందంటే నా అనుమానం నిజమే. అలా కాకుండా రెండూ మెత్తగా, ఇంచుమించు ఒకేలా మిగిలితే కారణం పై పొరల్లో, అంటే ముందుగా ఎగిరిపోయే సరుకుల్లో ఉంది. అప్పుడు మొదటి అరగంటలో మీకు ఏమేం తెలిసిందో రాసి ఇక్కడే పెట్టండి, చూద్దాం.